చిగుర్ల రక్తం ఆగింది గానీ పండ్లకు మరక పడ్డది

మూడేండ్ల కింద బ్రష్ చేసినప్పుడల్లా ఉమ్ముల ఎర్రగ కనపడేది. మెడికల్ షాపుల అడిగితే క్లోర్‌హెక్సిడిన్ 0.2 శాతం అని, నోట్ల క్రిములను చంపే మౌత్‌వాష్ సీసా ఇచ్చిండు. పొద్దున, రాత్రి 10 ఎం.ఎల్. పుక్కిలించిన. వారంల రక్తం ఆగింది. తెలిసినోళ్లందరికీ ఇదే కొనమని చెప్పిన. ఇప్పుడైతే అట్ల చెప్పను. ఎన్ని రోజులు వాడాల్నో ఆయన చెప్పలే, నేను అడగలే. రెండు నెలలు వాడిన.

ముందుగాల పప్పుచారుల ఉప్పు తెలుస్తలేదు. "ఉప్పు సరిగనే ఉంది గదనే అన్నా" అని చెల్లె అంటున్నా, పైనుంచి చల్లుకొని తిన్న. తర్వాత కింది పండ్ల సందుల్ల గోధుమ రంగు గీతలు లేచినయి. మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ దిక్కు. బోరు నీళ్ల ఫ్లోరైడుతోని చిన్నప్పుడే పండ్లకు మచ్చలు పడ్డ తరం మాది. మిషన్ భగీరథ నల్లా నీళ్లు తాగుతున్నంక గూడ మళ్ల అదే మొదలైందా అని నాలుగు రోజులు నిద్ర పట్టలే.

నల్లగొండల పండ్ల డాక్టరమ్మకు చూపించిన. "ఫ్లోరైడ్ మచ్చ పన్ను తయారయ్యే వయసులనే పడుతది, ఇప్పుడు కొత్తగ రాదు. ఇది మందు మరక, పైపైదే" అన్నది. చాయ్ తాగేటోళ్లకు ఎక్కువ పడుతదట, నేను రోజుకు నాలుగు తాగుత. క్లీనింగ్ చేస్తే గీతలు పోయినయి, పాత మచ్చలు అట్లనే ఉన్నయి. రుచి గూడ మందు ఆపినంక మెల్లగ తిరిగొచ్చింది. పండ్లకు పట్టిన గార తీయకుండ ఎంత పుక్కిలించినా వాపు మళ్ల వస్తదని, పేస్టుల నురగ కోసం కలిపేది ఈ మందు బలాన్ని తగ్గిస్తది గాబట్టి బ్రష్ చేసినంక అరగంట ఆగాలని ఆమె చెప్పేదాక నాకు తెల్వదు.

ఆల్కహాల్ ఉన్న ఘాటు మౌత్‌వాష్ ఒక్క సీసాతోనే ఆపేసిన, మంటకు నోరంత ఎండిపోయేది. సీపీసీ (సెటైల్‌పిరిడినియం క్లోరైడ్, ఇది గూడ క్రిములను చంపే మందే) ఉన్న మౌత్‌వాష్ మెత్తగ ఉంటది. రక్తం తొందరగ ఆపలేదు గానీ రుచి పాడు చెయ్యలే, ఏడాది నుంచి రాత్రిపూట అదే వాడుతున్న. చిగురు సలిపినప్పుడు గోరువెచ్చని ఉప్పు నీళ్లు హాయిగ ఉంటయి.

క్లోర్‌హెక్సిడిన్ ఇంట్ల ఇంక ఉంది. డాక్టరమ్మ చెప్తేనే, చెప్పినన్ని రోజులే తీస్త. మొన్నటిసారి రెండు వారాలే అన్నది. నాది చిన్న వాపు, షుగర్ లేదు, అందుకే ఇంతల సరిపోయిందేమో. మా అమ్మకు షుగర్ ఉంది. ఆమె చిగుర్లు వాస్తే ఏ సీసా కొనకుండ నేరుగ నల్లగొండకే తీస్కపోత.