పాత కోక్ మెషిన్ కాయిన్ మెకానిజం: బాగుచేసి కొన్నేళ్లు వాడాక నా రివ్యూ

పాత కోక్ మెషిన్ కొన్నాక కాయిన్ మెకానిజం పనిచెయ్యట్లేదని దాన్ని పీకేసి నాణెం లేకుండానే బాటిల్ వచ్చేలా మార్పించేద్దాం అనుకుంటుంటే ఒక్క నిమిషం ఆగండి. మాది 50ల నాటి వెండో కంపెనీ మెషిన్, మిస్సోరి రాష్ట్రంలోని కాన్సస్ సిటీది, మేముండేది కూడా మిస్సోరిలోనే కాబట్టి ఇంకాస్త ఇష్టం. గ్యారేజ్‌లో పెట్టాం, వీకెండ్ ఎవరొచ్చినా వాళ్ల పిల్లలు దాని చుట్టూనే. అందులో రిజెక్టర్, అంటే అసలు నాణేన్ని తీసుకుని నకిలీని వెనక్కి పంపే భాగం, నేషనల్ రిజెక్టర్స్ వాళ్లది, సెయింట్ లూయిస్ కంపెనీ. చిప్ లేదు బోర్డు లేదు, అంతా రేకులూ మీటలూ ఒక మాగ్నెట్టే.

మాది నికెల్‌కి సెట్ చేసింది, అంటే ఐదు సెంట్ల నాణెం. కోక్ రేటు 1886 నుంచి 1950ల దాకా ఐదు సెంట్లే, పెంచుదామంటే మెషిన్లు ఆ ఒక్క నాణెమే తీసుకుంటాయి, ఒకేసారి పది సెంట్లు చేస్తే రెట్టింపు అయిపోతుంది, అందుకే 1953లో కంపెనీ పెద్ద వుడ్రఫ్ ఏడున్నర సెంట్ల నాణెం తెమ్మని అప్పటి అమెరికా అధ్యక్షుడు ఐజెన్‌హోవర్‌నే అడిగాడు. ఈ చిన్న రేకు డబ్బా ఒక దేశం రేటునే కట్టేసిందన్నమాట!

మాకు వచ్చినప్పుడు వేసిన నాణెం వేసినట్టే తిరిగొచ్చేసేది. విప్పి చూస్తే లోపల ఏదీ విరగలేదు, అరగలేదు, జిడ్డే. ముందు వాడినాయన ఆయిల్ కొట్టినట్టున్నాడు, దానికి దుమ్ము పట్టి క్రేడిల్ ఇరుసు దగ్గర నల్లటి మడ్డి అయ్యి కూర్చుంది. క్రేడిల్ అంటే చిన్న తక్కెడ లాంటిది, నాణెం వచ్చి అందులో కూర్చుంటుంది, సైజు 21.21 మిల్లీమీటర్లూ బరువు 5 గ్రాములూ సరిపోతేనే ఒరిగి నాణెం దొర్లే పట్టా మీదికి వదుల్తుంది. ఇరుసులో ఆ మడ్డి ఉంటే మంచి నాణేనికి కూడా ఒరగదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఇయర్ బడ్స్, టూత్‌పిక్ చాలు, ఓపిగ్గా తుడవాలి అంతే. వేలితో తాకి వదిలితే టిక్కుమని దానంతటదే వెనక్కి రావాలి, వచ్చిందా పని అయినట్టే. ఆ తర్వాత ఆయిల్ మాత్రం చుక్క కూడా వెయ్యకండి, అది పొడిగా పనిచేసేలా చేసిందే.

క్రేడిల్ దాటాక మాగ్నెట్ ముందు నుంచి దొర్లుతుంది. రాగి బిళ్ల అయితే అక్కడ బాగా స్లో అయిపోయి అడ్డుగోడ దాటలేక తిరిగొచ్చే గొట్టంలో పడుతుంది, ఇనుప బిళ్ల అయితే మాగ్నెట్‌కే అతుక్కుంటుంది, అసలు నికెల్ మాత్రం సరైన స్పీడుతో వెళ్లి చిన్న దిమ్మెకి తగిలి ఎగిరి అవతల పడుతుంది. మా ఇంట్లో తరచూ ఇరుక్కునేది కెనడా ఐదు సెంట్లు, సైజు దాదాపు ఒకటే కానీ స్టీలుది. రిటర్న్ మీట నొక్కితే లోపలి గేటు తెరుచుకుని దాన్ని తుడిచి పడేస్తుంది, ఆ మీట గట్టిగా ఉంటే ముందు దాన్నే శుభ్రం చెయ్యండి.

దిమ్మె, అడ్డుగోడల స్క్రూలు ముట్టుకోవద్దు, తప్పదంటే ముందు గీత పెట్టుకోండి. నాణేలు తిరిగొస్తున్నాయని చాలామంది ఆ స్క్రూలే తిప్పుతారు గానీ అసలు చూడాల్సింది మెషిన్ నిటారుగా ఉందా లేదా అని. గ్యారేజ్ నేల డ్రెయిన్ వైపు వాలుగా ఉంటుంది, రసమట్టం పెట్టి కాళ్లు సరిచేస్తే సగం కంప్లైంట్లు అక్కడే పోతాయి.

నాకు దీనిమీద ఇంత గౌరవం ఎందుకంటే ఇప్పటి నికెల్ కూడా ఇందులో పనిచేస్తుంది, లోహం అదే 75 శాతం రాగి 25 శాతం నికెల్. రెండో ప్రపంచ యుద్ధంలో 1942 నుంచి 45 దాకా నికెల్ లోహం మిగల్చడానికి ఈ నాణేల్లో వెండి కలిపి కొట్టినప్పుడు కూడా ఇలాంటి మెషిన్లు ఒప్పుకోవాలనే మాంగనీసు కలిపారు. అవీ వేసి చూశాను, తీసుకుంది.

మైనస్ అంటే ఒకే నాణెం, ఒకే రేటు, చిల్లర ఇవ్వదు. వచ్చినవాళ్ల కోసం పక్కనే గిన్నెలో నికెల్స్ పెట్టుకోవాలి. అప్పుడప్పుడూ విప్పి దుమ్ము తుడవాలి, స్క్రూడ్రైవర్ పట్టడం వచ్చిన ఎవరైనా చేసుకోవచ్చు. కొనేటప్పుడు మెషిన్ పెయింట్ కన్నా ముందు రిజెక్టర్ లోపల ఉందో లేదో, క్రేడిల్ విరిగిందో లేదో చూసుకోండి, జిడ్డు పట్టి ఉంటే భయపడకుండా తీసుకోవచ్చు.