మహేంద్రగిరికీ దేవమాలికీ ఒకటే సంచి

మహేంద్రగిరి, దేవమాలి కొండలు ఎక్కడానికి సర్దిన సంచి బరువు చూసింది మా వీధి చివర కిరాణా కొట్టులో. కందిపప్పు తూచే కాటా మీద పెడితే 3 కిలోల 200 గ్రాములు చూపించింది. అందులో నీళ్ళు లేవు. "సగం తీసెయ్యవోయ్" అన్నాడు బావ. అక్కడే కొట్టు అరుగు మీద కూర్చుని సంచి విప్పాం. ఒక్కో వస్తువూ చేతిలోకి తీసుకుని రెండే ప్రశ్నలు వేసుకున్నాం. ఇది కొండ మీద దొరుకుతుందా? దొరక్కపోతే ప్రాణం మీదకి వస్తుందా? దొరికేదీ, లేకపోయినా గడిచేదీ పక్కన పెట్టేశాం. గంటసేపటికి 1 కిలో 400 గ్రాములకి దిగింది.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా తాతయ్య కాలంలో మగవాళ్ళు అడవికి వేటకి వెళ్ళేవాళ్ళు. ఆయన తోలు సంచి ఇప్పటికీ మా అటక మీద ఉంది. అందులో చెకుముకి రాయి, ఉక్కు ముక్క, దూది, ఉప్పు, పసుపు, బెల్లం ముక్క, ఒక చాకు ఉండేవట. అంతే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వన్యప్రాణుల వేట నేరం. అది ఆగాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఆ సంచి సర్దిన బుద్ధి మాత్రం మన నడకలకి అక్షరాలా పనికొస్తుంది. నిప్పు, నీళ్ళు, గాయం, ఆకలి, చలి. ఈ ఐదింటికీ జవాబు ఉండాలి, అది భుజానికి బరువు కాకూడదు.

మా సంచిలో ఉన్నవి ఇవి. ఐదడుగుల బరకం ముక్క. మడిస్తే జేబులో పట్టే వెండిరంగు ఫాయిల్ దుప్పటి. నైలాన్ తాడు. తలకి పెట్టుకునే టార్చి, దానికి వేరే బ్యాటరీలు. విజిల్, చాకు. నాలుగు ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ఒక్కోటి లీటరు నీళ్ళకి సరిపోతుంది. క్లోరిన్ మాత్రలు, క్రేప్ బ్యాండేజీ, దూది, అయొడిన్ మందు, జ్వరం మాత్రలు, దోమల క్రీము. తినడానికి అటుకులు, బెల్లం, వేరుశనగ ఉండలు. నిప్పుకి అగ్గిపెట్టె, లైటరు, వాటితోపాటు మూత గట్టిగా బిగిసే డబ్బీలో పూజ కర్పూరం. ఈ కర్పూరం గురించి కాస్త చెప్పాలి.

డిసెంబరు మొదటివారంలో మహేంద్రగిరి వెళ్ళాం. ఎత్తు 1,501 మీటర్లు. పరశురాముడు తపస్సు చేశాడని చెప్పుకునే కొండ. పైన భీముడి గుడి, కుంతి గుడి, ధర్మరాజు గుడి ఉన్నాయి. భీముడి గుడి చిన్నదే కానీ, ఆ రాళ్ళ సైజు చూస్తే కాసేపు మాట రాదు. జీపు చాలా ఎత్తు దాకా వెళ్తుంది. మేం మాత్రం కింది ఊరి నుంచి ఒక సవర తెగ కుర్రాణ్ణి తోడు తీసుకుని కాలిబాటన ఎక్కాం. రోజుకి 600 రూపాయలు అడిగాడు. అతని పనితనానికి అది తక్కువని దిగాక వెయ్యి ఇచ్చాం.

దిగేటప్పుడు మధ్యాహ్నం మూడింటికే మంచు కమ్మేసింది. పది అడుగుల ముందు బావ కనపడలేదు. పిలుస్తుంటే గొంతు ఎటునుంచి వస్తోందో తెలియట్లేదు. అప్పుడు విజిల్ తీశాను. మూడుసార్లు ఊది ఆగడం, మళ్ళీ మూడుసార్లు ఊదడం. ఆపదలో ఉన్నామని చెప్పే గుర్తు అది. బావ ఆ చప్పుడు పట్టుకుని వెనక్కి వచ్చేశాడు. దారి తప్పామని అర్థమయ్యాక కుర్రాడు మమ్మల్ని ముందుకి నడవనివ్వలేదు. "ఏటి బాబూ తొందర, మంచు ఇడిసేదాకా కూకోండి" అని పక్కనే ఉన్న పోడు చేలోని కాపలా గుడిసెకి తీసుకెళ్ళాడు.

గుడిసెలో పొయ్యి ఉంది, పుల్లలు ఉన్నాయి. అన్నీ మంచుకి చెమ్మగిల్లిపోయాయి. అగ్గిపుల్లలు గీస్తే తలలు రాలిపోయాయి. తడి చేతులతో లైటరు చక్రం తిరగలేదు. జేబురుమాలుతో తుడిచి తుడిచి తిప్పితే ఐదోసారికో ఆరోసారికో మంట వచ్చింది. మూడు కర్పూరం బిళ్ళలు రాయి మీద పెట్టి అంటించాను. చెమ్మగాలిలోనూ అది ఆరలేదు. కుర్రాడు కత్తితో పుల్ల బెరడు చెక్కేసి, లోపలి పొడి చెక్కని సన్నగా, కొబ్బరి ఈనెల్లా చీల్చి ఆ మంట మీద గుడిసెలా పేర్చాడు. ఆ ఈనెలు అంటుకున్నాక చిటికెన వేలంత పుల్లలు, తర్వాత బొటనవేలంతవి. పెద్ద కట్టె పెట్టడానికి పావుగంట ఆగాడు. నేనైతే రెండో నిమిషంలోనే పెట్టి మంట ఆర్పేసేవాణ్ణి. ఒక మాట: మంట ఇలా ఉన్న పొయ్యిలోనే పెట్టాలి. అడవిలో ఎక్కడపడితే అక్కడ నిప్పు రాజేస్తే కేసు సంగతి అటుంచండి, ఎండాకాలంలో కొండంతా తగలబడుతుంది.

రెండు గంటల తర్వాత మంచు విడిచింది. విజిల్ ఆ కుర్రాడికి నచ్చింది, అతని మెడలోనే వేసి వచ్చాం.

మహేంద్రగిరిలో వసతులు తక్కువ. శివరాత్రి జాతరకి తప్ప పైన దుకాణాలు ఉండవు. రాత్రి ఉండే ఏర్పాటు నమ్ముకుని వెళ్ళొద్దు. బయటినుంచి వచ్చేవాళ్ళకి పర్లాకిమిడిలో లాడ్జీలున్నాయి, నౌపడా నుంచి గుణుపురం లైను రైలు ఉంది. తెల్లవారుజామున బయల్దేరి చీకటి పడకముందు దిగిపోవడమే మేలు. ఈ పక్క ఎలుగుబంట్లు ఉన్నాయి. మాట్లాడుకుంటూ నడిస్తే అవే తప్పుకుంటాయి. చప్పుడు లేకుండా మలుపు తిరిగి ఎదురుపడితేనే ప్రమాదం. చేల గట్ల మీదుగా అడ్డదారులు తొక్కకండి. అడవిపందుల కోసం కొన్నిచోట్ల దొంగచాటుగా కరెంటు తీగలు పెడుతున్నారు. పందులతోపాటు ఏనుగులూ మనుషులూ కూడా వాటికి పోతున్నారు. తలుచుకుంటే కడుపు రగిలిపోతుంది.

జనవరిలో దేవమాలి వెళ్ళాం. కోరాపుట్ జిల్లాలో ఉంది, 1,672 మీటర్లతో ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తయిన శిఖరం. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కి, పొట్టంగి మీదుగా సిమిలిగుడ చేరాం. దారి పొడుగునా తెలుగు మాట్లాడేవాళ్ళు తగులుతూనే ఉన్నారు కాబట్టి భాష గురించి టెన్షన్ లేదు.

మొదటి రాత్రి సిమిలిగుడలో రోడ్డు పక్క లాడ్జిలో ఉన్నాం. గది 800 రూపాయలు. దుప్పట్లు ఉతికినవి, పొద్దున్నే బకెట్టు వేడినీళ్ళు ఇచ్చారు. రెండో రాత్రి కొండ కింద టెంటులో. మనిషికి 1,500 తీసుకున్నారు, అక్కడే మోసపోయాం. పరుపు కింద చెయ్యి పెడితే తడి తగిలింది. దుప్పటి పలచన. పాతిక మందికి ఒకటే మరుగుదొడ్డి. అడిగితే "రేపు మారుస్తాం సార్" అన్నారు. మాకు కావలసింది ఆ రాత్రికి. అన్నం, పప్పు, కోడికూర మాత్రం వేడివేడిగా, కడుపునిండా పెట్టారు. పొద్దున్న మండియా జావ ఇంకా బాగుంది. మన చోడి (రాగి) అంబలికి అన్నలాంటిది.

ఆ రాత్రి బరకం పరుపు మీద పరిచాం, కింది తడి పైకి రాలేదు. దాని మీద ఫాయిల్ దుప్పటి, పైన పలచటి దుప్పటి రెండు మడతలు. తెల్లారేసరికి టెంటు గుడ్డ లోపలివైపు నీటిబొట్లు వరసగా వేలాడుతున్నాయి, మా వీపులు మాత్రం పొడిగా ఉన్నాయి. ఆ రెండింటి బరువూ కలిపి అర కిలో లేదు. పక్క టెంటులో చదువుకునే పిల్లలు నిద్ర లేక రాత్రంతా కూర్చునే ఉన్నారు. మా తాడు, మిగిలిన కర్పూరం వాళ్ళకి ఇచ్చాం. బరకం మాత్రం ఇవ్వలేకపోయాం, ఆ సంగతి ఇప్పటికీ గుర్తొస్తుంది.

దేవమాలికి కూడా దాదాపు పైదాకా రోడ్డుంది. అందుకే ఆదివారం జనం, ప్లాస్టిక్ సీసాలు. మామూలు రోజున తెల్లవారి నాలుగున్నరకి నడక మొదలుపెడితే మేఘాల పైన సూర్యోదయం మనకి దక్కుతుంది. చూపుకి దేవమాలి, మనసుకి మహేంద్రగిరి. ఒక్కటే వెళ్ళగలిగితే నేను మహేంద్రగిరికే ఓటేస్తాను. పిల్లలతో వెళ్ళేవాళ్ళకి దేవమాలి నయం, కానీ రాత్రి సిమిలిగుడ లాడ్జిలోనే పడుకోండి.

పాము విషయంలో ఒక్కటి గట్టిగా చెప్తున్నా. సంచిలో చాకు ఉంది కదా అని కాటు దగ్గర కోయకండి, తాడు ఉంది కదా అని బిగించి కట్టకండి. కరిచిన కాలు కదలకుండా కర్రకి ఆనించి, క్రేప్ బ్యాండేజీతో బిగించకుండా చుట్టి, మనిషిని నడిపించకుండా మోసుకెళ్ళాలి. 108 ఒడిశాలో కూడా పనిచేస్తుంది. ఎక్కేటప్పుడే ఫోను సిగ్నల్ చివరిసారి ఎక్కడ వచ్చిందో గుర్తుపెట్టుకోండి. కట్లపాము కాటు నిద్రలో తెలియకపోవచ్చు, అందుకే నేల మీద పడుకోకండి. పడుకోక తప్పకపోతే దోమతెర అంచులు పరుపు కిందికి దోపండి. ఈ ప్రాంతంలో మలేరియా కూడా ఉంది. తిరిగొచ్చిన రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే మాత్ర మింగి ఊరుకోకుండా రక్తపరీక్ష చేయించుకోండి, ఎక్కడికి వెళ్ళొచ్చారో డాక్టరుకి చెప్పండి.

ఊట నీళ్ళని గుడ్డతో వడగట్టి, క్లోరిన్ మాత్ర వేసి అరగంట ఆగి తాగాం. ఎవరికీ ఏమీ కాలేదు. మోసిన నీళ్ళు మనిషికి రెండు లీటర్లు, అంటే సంచి కన్నా నీళ్ళే బరువు. ఊట ఎక్కడుందో తోడువచ్చే కుర్రాణ్ణి ముందే అడిగితే ఆ బరువులో సగం తగ్గుతుంది.

శివరాత్రికి అమ్మ మహేంద్రగిరి వస్తానంటోంది. అమ్మ బీపీ మాత్రలు, మోకాలి పట్టీ, కొత్త విజిల్, రెండో బరకం ముక్క చేర్చి నిన్న మళ్ళీ కాటా మీద పెట్టాను. 1 కిలో 850 చూపించింది. బావ అరుగు మీద కూర్చుని మళ్ళీ విప్పుతున్నాడు.