చామంతి కటింగులు కొంటున్నారా? తల్లి మొక్క మొగ్గకి వచ్చాక కోసినవి అంటగడుతున్నారు, జాగ్రత్త

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో చామంతి వేసేవాళ్ళు, వేద్దామనుకునేవాళ్ళు ఇది ఒకసారి చదవండి. కార్తీక మాసం పూలకని ఆషాఢంలో ఒక నర్సరీ నుంచి వేరు పట్టిన కటింగులు, అంటే తల్లి మొక్క నుంచి కోసి ట్రేల్లో వేరు పట్టించిన కొమ్మ కొనలు, తెచ్చి పదిహేను సెంట్లలో నాటాం. వినాయక చవితి వచ్చేసరికి జానెడు ఎత్తు కూడా లేని మొక్కల నెత్తిన మొగ్గలు లేచాయి. మొక్కకి ఒకటి, మహా అయితే రెండు. పక్క కొమ్మలు లేవు, గుబురు లేదు. ఆ మొగ్గలు విచ్చినా పువ్వు చిన్నది, రేకులు పలచన. కిలో తూగాలంటే మడి మడంతా కోయాలి.

నర్సరీ పేరు ఇక్కడ రాయడం లేదు. గొడవ ఇంకా తేలలేదు, పైగా ఇది ఒక్క చోట జరిగే పని కూడా కాదు. హైవే పక్కన బోర్డు పెట్టుకున్న నర్సరీ అని మాత్రం చెప్తాను. అడుగుకి అడుగు దూరం పెడితే సెంటుకి 435 మొక్కలు పడతాయి. బోదెలు, దారి పోను మాకు ఆరు వేల పైచిలుకు పట్టాయి. మొక్క రెండున్నర రూపాయల లెక్కన మొక్కల ఖర్చే 15 వేలు దాటింది. గత్తం, దున్నుడు, నాటు కూలి దానికి అదనం. ఇవన్నీ ఒక ఎత్తు, సీజన్ పోవడం ఒక ఎత్తు. కార్తీక సోమవారాల రేటు మళ్ళీ ఏడాదికి గానీ రాదు.

అసలు మోసం ఎక్కడుందో తెలియాలంటే చామంతి స్వభావం కాస్త చెప్పాలి. ఇది పగలు తగ్గి రాత్రి పెరిగితే పూసే మొక్క. చాలా రకాల్లో పగలు పదమూడున్నర గంటల కంటే తక్కువుంటే మొగ్గ కట్టి ఎదుగుతుంది. మన వైపు జూన్ మూడో వారంలో కూడా పగలు పదమూడుంపావు గంటలకి మించదు, డిసెంబరులో 11 గంటలకి దిగిపోతుంది. అంటే మన దగ్గర ఏడాది పొడుగునా ఈ మొక్క పూతకి సిద్ధంగానే ఉంటుంది. ఎండాకాలం వేడికి మొగ్గ వెనకపడుతుంది, రకాన్ని బట్టి కూడా తేడా ఉంటుంది. అందుకే మన నాటు రకాలు జూన్, జూలైలో వేస్తే ముందు ఒళ్ళు చేసి, చలికాలం మొదలయ్యాక పూస్తాయి.

కటింగుల కోసం పెంచే తల్లి మొక్కల సంగతి వేరు. వాటిని పూతకి రానివ్వకూడదు. అందుకే పద్ధతిగా చేసేవాళ్ళు రాత్రి పది నుంచి రెండు దాకా వాటి మీద బల్బులు వెలిగిస్తారు. కర్ణాటకలో చిక్కబళ్ళాపురం వైపు రాత్రిపూట బస్సులో వెళ్ళినవాళ్ళు తోటల్లో వరసగా వెలిగే దీపాలు చూసే ఉంటారు. అక్కడ ఆ వెలుతురు చాలావరకు తోటలో మొక్క ఎదగడానికి, ఇక్కడ తల్లి మడిని కాపాడడానికి. సూత్రం ఒకటే. మధ్యలో ఆ నాలుగు గంటలు వెలుతురు పడితే మొక్కకి అది ఒక పెద్ద రాత్రి కాదు, రెండు చిన్న రాత్రులు. ఇంకా పూతవేళ కాలేదనుకుని కొమ్మలు వేస్తూనే ఉంటుంది.

లైటు ఆపారంటే ఆ తల్లి మొక్కల్ని పూతకి వదిలినట్టే. వారం పది రోజుల్లో కొన లోపల మొగ్గ మొదలవుతుంది. కంటికి కనబడేసరికి మూడు నాలుగు వారాలు పడుతుంది. కటింగులు కోసేదుంటే లైటు ఆపకముందే కోసుకోవాలి. తర్వాత కోస్తే, మొగ్గ పైకి కనబడకపోయినా ఆ కొమ్మ అప్పటికే పూత దారి పట్టి ఉంటుంది. వేరు ఆలస్యంగా వస్తుంది, వచ్చినా ఎదుగుదల ఉండదు, మడిలో పెట్టగానే ఉన్న శక్తంతా మొగ్గకే పోతుంది. మాకు జరిగింది అచ్చంగా ఇదే.

మొగ్గలు చూశాక అడుగుదామని నర్సరీకి వెళ్ళాను. అప్పటికి శ్రావణం ముగిసింది. ముందు గదిలో ఓనరు లేడు. వెనక షెడ్డు దగ్గర మాకు కటింగులు కోసిచ్చిన మడులే నిండా పూత మీద ఉన్నాయి. సగం మొక్కలకి పసుపు పూలు, మిగతా సగం తలలు నరికిన మొండి కొమ్మలు. పైన తీగకి బల్బు హోల్డర్లు వేలాడుతున్నాయి, వాటిలో బల్బులు లేవు. కలుపు తీస్తున్న ముసలమ్మని అడిగితే దాచుకోకుండా చెప్పేసింది. “లైట్లు ఎప్పుడో తీసీసినారు బాబూ. శ్రావణం పువ్వు కోసుకుందామని ఒగ్గీసినారు. మజ్జిలో మొక్కలకి గిరాకీ వచ్చిందని ఈటి తలలే కోసి ట్రేల్లో గుచ్చీసినారు.” అంటే వరలక్ష్మీ వ్రతం రేటుకి పూలూ అమ్ముకున్నారు, వాటి తలలే కోసి మాకు మొక్కలుగానూ అమ్మారు. రెండు చేతులా సంపాదన.

ఓనరు వచ్చాక కథ మారిపోయింది. ముందు మా బోరు నీళ్ళలో ఉప్పుందన్నాడు. తర్వాత డీఏపీ ఎరువు ఎక్కువైందన్నాడు. చివరికి “వైరస్ అయుంటాది బావూ, ఈ ఏడు అందరికీ అలాగే ఉంది” అన్నాడు. చామంతిలో మొక్కని గిడసబార్చే తెగులు ఒకటి ఉన్న మాట నిజమే, కాదనను. కానీ అదే మడిలో చివరి రెండు బోదెల మీద మా మావయ్య తోట నుంచి తెచ్చిన పిలకలు పెట్టాం. అదే నీరు, అదే ఎరువు, నాటింది కూడా అదే వారం. అవి మోకాలి దాకా ఎదిగి నాలుగు వైపులా కొమ్మలు వేశాయి, వాటిలో ఒక్క మొగ్గ లేదు. ఆ ఫొటో చూపించేసరికి వైరస్ మాట మళ్ళీ ఎత్తలేదు. “సగం రేటుకి కొత్త మొక్కలిస్తాను పట్టుకెళ్ళు” అన్నాడు. ఏ మడి నుంచి కోసి ఇస్తావని అడిగితే జవాబు లేదు.

కొనేముందు ట్రేలో మొక్కని చేతిలోకి తీసుకుని చూడండి, తేడా కంటికి తెలిసిపోతుంది. చామంతి ఆకు అంచులు లోతుగా చీలి ఉంటాయి కదా. మొగ్గకి దగ్గరైన కొమ్మ మీద పైకి వెళ్ళేకొద్దీ ఆకులు చిన్నవవుతాయి, సన్నబడతాయి, చీలికలు పోయి అంచు దాదాపు నున్నగా అయిపోతుంది. కొనన అలాంటి పట్టీల్లాంటి ఆకులు రెండు మూడు కనబడితే ఆ ట్రే అక్కడే పెట్టేయండి. ఇంకా అనుమానముంటే కొన ఆకుల్ని గోటితో ఒక్కొక్కటే విప్పండి. లోపల సన్నగా ముడుచుకున్న లేత ఆకులే ఉంటే మంచి కొమ్మ. ఆకుపచ్చగా గుండ్రటి బుడిపె కనబడితే అది మొగ్గ. ఒక మొక్క పాడవుతుందని అమ్మేవాడు గొణిగితే ఆ రెండున్నర రూపాయలు వాడి చేతిలో పెట్టి మరీ విప్పి చూడండి.

కొన అసలు లేకుండా గిల్లేసి ఉంటే ఇంకా జాగ్రత్త. “తల తుంచి ఇస్తున్నాం, గుబురు బాగా వస్తుంది” అని చెప్తారు. తల తుంచాల్సింది మొక్క మడిలో కుదురుకున్నాక, నాటిన నాలుగు వారాలకి, అదీ రైతు చేతులతో. ట్రేలోనే తలలు లేవంటే మొగ్గ గిల్లి దాచారేమోనని అనుమానించాల్సిందే. కాడ కూడా చూడండి. మంచి కటింగ్ లేతగా ఉండి వంచితే టక్కున విరుగుతుంది. పూతకి వచ్చిన కొమ్మ నారలా సాగుతుంది, కింద కాస్త కట్టెబారి ఉంటుంది. వేర్లు ట్రే గుంటలో అన్ని వైపులా తెల్లగా అల్లుకోవాలి. మా ట్రేల్లో ఒక పక్క నాలుగు పోగులు, ఇంకో పక్క ఉత్త కోకోపిట్ (కొబ్బరి పొట్టు).

వీలైతే ట్రేలు చూసి సరిపెట్టుకోకుండా తల్లి మడి చూపించమనండి. ఈ ఒక్క మాటతో సగం మంది మోసం బయటపడుతుంది. రాత్రి బల్బులు వేస్తున్నారా, ఎప్పుడు ఆపారు, ఈ ట్రేలు ఏ తేదీన కోసినవి అని అడగండి. తల్లి మడిలో పువ్వు కనబడితే ఇక ఆ నర్సరీలో మాట్లాడాల్సింది ఏమీ లేదు.

ఇప్పటికే కొని నాటేసినవాళ్ళకి పూర్తి మందు లేదు, కొంత మేలు మాత్రం చేయొచ్చు. మొగ్గ ఒక్కటే గిల్లితే లాభం లేదు. కింద చీలికలున్న మంచి ఆకులు ఎక్కడున్నాయో అక్కడిదాకా దిగి తుంచాలి. ఆ ఆకుల మొదట్లోంచి కొత్త కొమ్మలు వస్తాయి. కానీ రాత్రి వెలుతురు లేకపోతే అవి కూడా నాలుగాకులు వేసి మళ్ళీ మొగ్గకి వెళ్ళిపోతాయి. ఇక్కడే మనకి చిక్కు. వ్యవసాయ కనెక్షన్‌కి కరెంటు ఇచ్చేది పగలు తొమ్మిది గంటలు, రాత్రి పదికి బల్బు వెలగాలంటే వేరే ఏర్పాటు చూసుకోవాలి. ఇంటి పక్క పెరట్లో రెండు సెంట్లయితే ఎల్‌ఈడీ బల్బులతో నెట్టుకురావచ్చు. పదిహేను సెంట్లకి ఆ ఖర్చు పెట్టడం దండగని మా లెక్కలో తేలింది. మేం సగం దున్నేసి ఆకుకూరలు చల్లాం.

ఇక డబ్బు సంగతి. నర్సరీ వాడిచ్చింది తెల్ల చీటీ, దాని మీద “మొక్కలు” అని ఒక్క ముక్క, కింద మొత్తం. రకం పేరు లేదు, తేదీ లేదు, స్టాంపు లేదు. మీరు కొనేటప్పుడు రకం, ఎన్ని మొక్కలు, కోసిన తేదీ రాసిన బిల్లు అడగండి. ఇవ్వనంటే ఫోన్‌పేలో పంపి, నోట్‌లో రకం పేరు రాయండి. ఆ రికార్డే మాకు ఇప్పుడు ఆధారమైంది. రాష్ట్రంలో నర్సరీలకి ఉద్యాన శాఖ రిజిస్ట్రేషన్ తప్పనిసరి, దానికి 2010లో చట్టమే వచ్చింది. సర్టిఫికెట్ గోడకి ఉందో లేదో చూడండి.

మొగ్గ కనబడిన వెంటనే రైతు సేవా కేంద్రంలో ఉద్యాన సహాయకుడికి చెప్పి, మడి మీదికి రప్పించి, చూసింది రాయించుకోండి. దున్నేశాక ఎవరొచ్చినా చూపించడానికి ఏమీ మిగలదు. మేం ఆ కాగితం చేతికొచ్చాకే ట్రాక్టర్ దించాం. రైతు వినియోగదారుడు కాడని అమ్మేవాళ్ళు బెదిరిస్తారు, నమ్మకండి. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో 2012లో సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసింది, ఆ కేసు వేసింది మన ఆంధ్ర రైతులే. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు విలువకి ఫీజు లేదు, రెండేళ్ళ లోపు వేయాలి. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, అక్కడ తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇంకో మాట. మాతో బేరం చెడ్డాక మిగిలిన ట్రేల్ని ఆటోల్లో వేసి వారపు సంతలకి పంపుతున్నారని ఆ షెడ్డులో పనిచేసే కుర్రాడే చెప్పాడు. రూపాయిన్నరకే ఇచ్చేస్తున్నారట. రణస్థలం, పూసపాటిరేగ వైపు సంతల్లో ఎవరైనా చామంతి నారు చవగ్గా ఇస్తామంటే ముందు కొన ఆకులు విప్పి చూడండి. బుడిపె కనబడితే ఫొటో తీసి పక్కన కొంటున్నవాళ్ళకి కూడా చూపించండి.