వోర్టెక్స్: పక్షి జాతుల మనుగడను అంచనా వేసే ప్రోగ్రామ్ ఎంతవరకు నమ్మదగినది?

అంతరించే దశకు చేరిన పక్షుల సంరక్షణలో ఉన్నవారికి వోర్టెక్స్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ చాలాకాలంగా పరిచయమే. జీవశాస్త్రవేత్త రాబర్ట్ లేసీ రూపొందించిన ఈ ప్రోగ్రామ్ ఉచితంగా దొరుకుతుంది. ఇది ఒక్కొక్క పక్షినీ విడిగా లెక్కలోకి తీసుకుని, దాని పుట్టుకనూ, జతకట్టడాన్నీ, చావునూ సంభావ్యతలను బట్టి ఏటికేడు నిర్ణయిస్తూ, ఆ క్రమాన్నంతా వందలసార్లు మళ్లీ నడిపి, వాటిలో ఎన్నిసార్లు ఆ జాతి తుడిచిపెట్టుకుపోయిందో, బతికి బట్టకట్టినప్పుడు ఎంత జన్యు వైవిధ్యం మిగిలిందో చూపుతుంది.

నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచినది దగ్గరి రక్తసంబంధం గల పక్షులు జతకట్టడం వల్ల పిల్లల మనుగడకు కలిగే నష్టాన్ని కొలిచే విభాగం. ఆ నష్టపు తీవ్రతకు ప్రోగ్రామ్ ముందుగానే 6.29 అనే విలువను (అంకె పెరిగితే నష్టం పెరిగినట్టు) పెట్టి ఉంచుతుంది. దాన్ని మార్చుకునే వీలున్నా చాలామంది యథాతథంగా వదిలేస్తారు, అది సరికాదని నా అభిప్రాయం. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో గ్రేటర్ ప్రెయిరీ కోళ్లనే గడ్డిమైదానాల అడవి పక్షుల సంఖ్య క్షీణించాక వాటి గుడ్ల నుంచి పిల్లలు సరిగా రాలేదు. 1992లో మొదలుపెట్టి ఇతర రాష్ట్రాల పక్షులను తెచ్చి కలిపాకే ఆ పరిస్థితి మెరుగుపడింది. న్యూజిలాండ్‌కు చెందిన చాథమ్ దీవుల నల్ల రాబిన్ మాత్రం 1980లో ఐదు పక్షులకు పడిపోయి కూడా, ఓల్డ్ బ్లూ అనే ఒకే ఆడపక్షి సంతతిగా మళ్లీ వందల్లోకి పెరిగింది. ఇంత తేడా ఉన్న జాతులకు ఒకే అంకె ఎలా సరిపోతుంది?

అసలు లోపం మరొకచోట ఉంది. ప్రోగ్రామ్ చూపే వైవిధ్యం ప్రకృతి ఎంపికతో సంబంధం లేని జన్యువులది. మారే పరిస్థితులకు ఒదిగే సామర్థ్యాన్ని అది నేరుగా చెప్పదు. నల్ల రాబిన్లలో కొన్ని గూటి అంచున గుడ్లు పెడుతుంటే, సంరక్షకులు వాటిని లోపలికి జరిపి కాపాడారు. ఆ దయ వల్లే ఆ హానికరమైన లక్షణం వ్యాపించి, 1989 నాటికి సగానికి పైగా ఆడపక్షుల్లో కనిపించింది. గుడ్లను జరపడం మానేశాక అది మళ్లీ తగ్గింది. ఇటువంటి ఎంపికను వోర్టెక్స్‌లో చూడాలంటే ప్రతి పక్షికీ ఆ లక్షణాన్ని ప్రత్యేక చరరాశిగా నిర్వచించి, అది ఎలా సంక్రమిస్తుందో తెలిపే సూత్రాలను మనమే రాసుకోవాలి. అంత క్షేత్ర సమాచారం లేనివారు అంతరించే ప్రమాదాన్ని పోల్చి చూడటానికి దీన్ని నిశ్చింతగా వాడవచ్చు గాని, అది ఇచ్చే వైవిధ్యపు శాతాన్ని ఒదిగే శక్తికి కొలతగా నివేదికల్లో రాయకూడదు.