గర్డరుపై చెక్క పలకలు: రెక్కల స్క్రూలతో నాలుగేళ్ళు

నెల్లూరు జిల్లా మైపాడు తీరానికి ఆరేడు కిలోమీటర్ల దూరంలో ఉన్న మా ఇంటి బాల్కనీకి, 2021 వానలకు ముందు, 150 మిల్లీమీటర్ల ఎత్తున్న ఐ-గర్డర్లపై (I ఆకారపు ఇనుప దూలాలపై) వేప పలకలు వేయించి, రంధ్రం తామే తొలుచుకునే రెక్కల సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూలతో బిగించాము. మొనకు పైన ఉండే ఆ రెండు చిన్న రెక్కలను చూసి నేను ఎంతో సంబరపడ్డాను. అవి చెక్కలో మర కన్నా పెద్ద రంధ్రం తొలిచి, ఇనుము తగలగానే విరిగిపోతాయి. అందువల్ల మొన ఇనుములోకి దిగేంతసేపూ పలక మర వెంట పైకి లేవకుండా గర్డరును అంటిపెట్టుకునే ఉంటుంది. గర్డరు అంచు, అంటే పలక ఆనే పై అడ్డపట్టీ, ఏడున్నర మిల్లీమీటర్లకు పైగా మందం ఉంటుంది కనుక పొడుగు మొన రకమే కావాలి. రేకులకు వాడే పొట్టి మొన అక్కడ మాడిపోతుంది. అడిగినవారికల్లా ఇవే కొనమని చెప్పాను.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వానలకు పలకలు నాని, వెడల్పులో ఉబ్బి, ఒకదానినొకటి నెట్టుకున్నాయి. వారం తిరగకముందే ఒక రాత్రి బాల్కనీలో టప్పుమని శబ్దం వినిపించింది. తెల్లవారి చూస్తే ఒక స్క్రూ తెగి, తలవైపు ముక్క పలక మీద పడి ఉంది. నెలలోపల మరో ఐదు తెగాయి. పలక ఎత్తి చూస్తే, చెక్కా ఇనుమూ కలిసే చోట, నీరు నిలిచే ఆ సందులోనే, స్క్రూ కాడ తుప్పుతో సగానికి సన్నబడి, వేలితో తాకితే ఎర్రపొడి రాలింది. ఇనుమును తొలవడానికి గట్టిపరిచిన స్క్రూ కనుక అది చెక్కతోపాటు వంగలేదు, పుటుక్కున తెగింది. పలకల మధ్య సందు వదలకపోవడం మా తప్పే. అయినా పల్చటి జింకు పూతను నమ్మి ఉప్పుగాలిలో వీటిని వాడమని నేనిక చెప్పలేను.

ఇంజనీరుకు చూపించి, ఆయన గుర్తుపెట్టిన చోట్లనే గర్డరు అంచుకు రంధ్రాలు వేయించి, వేడి జింకులో ముంచిన 10 మిల్లీమీటర్ల బోల్టులు వేయించాము. పలక ఉబ్బినా జరిగే వీలుండేలా దానిలోని రంధ్రాన్ని అడ్డంగా కోలగా తొలిపించి, పలకకూ పలకకూ మధ్య ఆరు మిల్లీమీటర్ల సందు వదిలాము. గర్డరు అంచు లోపలివైపు వాలుగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. చదును వాషరు వేసి బిగిస్తే బోల్టు పక్కకు వంగింది. ఒకవైపు మందంగా, మరోవైపు పల్చగా ఉండే వాలు వాషరు పెట్టగానే నట్టు నిండుగా కూర్చుంది. రెండు వానాకాలాలు గడిచినా మళ్ళీ బిగించవలసిన అవసరం రాలేదు.

సముద్రానికి దూరంగా ఉన్న ఉదయగిరి వైపు పొడిగాలిలో, వాన తగలని చోట ఆ స్క్రూలే సరిపోవచ్చు. మా ఇంట్లోనే లోపలి అటకకు అదే రోజు వేసినవి ఇప్పటికీ ఒక్కటీ కదలలేదు.