మా అమ్మాయి పెళ్ళి రద్దు కేసు: ఉచిత న్యాయ సహాయంతో మా అనుభవం (4.5/5)

నేను కర్రీ పాయింట్ నడుపుతాను. పొద్దున్నే నాలుగింటికి పొయ్యి వెలిగిస్తే మధ్యాహ్నం మూడింటికి గాని గిన్నెలు కడిగి లేవను. కోర్టు మెట్లెక్కడం మా ఇంటా వంటా లేదు. అలాంటిది పదిహేడు నెలలు వాయిదాలకి తిరిగాం. పోయిన సెప్టెంబరులో, అంటే 2025లో, మా అమ్మాయి పెళ్ళి రద్దయింది. విడాకులు కాదు, రద్దు, అంటే మోసంతో జరిగిన పెళ్ళి అని కోర్టు దాన్ని కొట్టేయడం. ఈ రెండిటికీ తేడా ఏమిటో కూడా అంతకుముందు నాకు తెలియదు.

రివ్యూ రాస్తున్నది జిల్లా న్యాయ సేవాధికార సంస్థ గురించి. జిల్లా కోర్టు ఆవరణలోనే దీని ఆఫీసు ఉంటుంది. బోర్డు మీద ఉచిత న్యాయ సహాయం అని రాసి ఉంటుంది, కానీ అది ఏ దిక్కూ లేనివాళ్ళకే అనుకుని మనం దాటి వెళ్ళిపోతాం. నేనూ అలాగే అనుకుని ఏడు నెలలు పోగొట్టుకున్నాను.

ముందు జరిగింది చెప్తాను. 2023 ఫిబ్రవరిలో అన్నవరం కొండ మీద పెళ్ళి చేశాం. అబ్బాయి బెంగళూరులో సాఫ్ట్‌వేర్. సంబంధం ఒక మ్యాట్రిమోనీ ద్వారా వచ్చింది, పేరు రాయను. ప్రొఫైల్లో 'నెవర్ మ్యారీడ్' అని ఉంది, పక్కన 'వెరిఫైడ్' అన్న గుర్తు ఉంది. ఏం వెరిఫై చేశారని తర్వాత ఫోన్ చేసి అడిగితే ఫోన్ నంబరు, ఆధార్ చూశామన్నారు. ఆ గుర్తు చూసే మేము ధైర్యం చేశాం.

ఆగస్టులో అతనికి ఆఫీసు తరఫున సింగపూర్ అవకాశం వచ్చింది. మా అమ్మాయి ఇంట్లో కూర్చుని వీసా ఫారాలు నింపుతోంది. పాత పాస్‌పోర్టు వివరాలు కావాల్సి వచ్చి బీరువా పై అరలో ఉన్న ఫైలు తీసింది. పాత పాస్‌పోర్టు దొరికింది, రద్దు చేసినట్టు అట్ట మూల కత్తిరించి ఉంది. చివరి పేజీ తిప్పింది. తండ్రి పేరు, తల్లి పేరు, దాని కింద స్పౌస్ అని ఉన్నచోట ఒక ఆడపిల్ల పేరు. 2017లో ఇచ్చిన పాస్‌పోర్టు అది. మా సంబంధం కుదిరింది 2022 చివర్లో.

నాకు ఫోన్ వచ్చేసరికి పదకొండున్నర. మూకుడులో గుత్తివంకాయ మగ్గుతోంది. "అమ్మా, ఇక్కడ నా పేరు లేదు" అంది, అంతే. ముందు నాకు అర్థం కాలేదు. ఫొటో పంపింది. ఆ రోజు వంకాయ అడుగంటింది, షాపు తలుపు సగం దించేశాను.

సాయంత్రం అతను వాట్సాప్‌లో ఇలా రాశాడు: అది ఎనిమిది నెలల పెళ్ళి, 2019లోనే విడాకులయిపోయాయి, చెబితే మీవాళ్ళు ఒప్పుకోరని చెప్పలేదు. మా అమ్మాయి ఆ రాత్రే బస్సెక్కి వచ్చేసింది. ఒక్క మాట ఇక్కడే చెప్పాలి. రెండో సంబంధం అవడం తప్పు కాదు. మా పెద్దాడపడుచు కూతురికి అలాగే చేశాం, చక్కగా కాపురం చేసుకుంటున్నారు. చెప్పి ఉంటే మేమూ కూర్చుని మాట్లాడుకునేవాళ్ళం, పిల్ల ఇష్టం అడిగేవాళ్ళం. అడిగే అవకాశమే లేకుండా చేశారు, మా బాధ అదీ.

తర్వాత పెద్దమనుషులు కూర్చున్నారు. ఒకసారి కాదు, నాలుగుసార్లు. "అయిపోయిన పెళ్ళి గురించి ఇప్పుడెందుకు, అబ్బాయి మంచివాడే కదా, నెల రోజులు పంపించి చూడండి" అన్నారు. మా ఆయన కూడా కొంచెం అటే మొగ్గారు. పిల్ల వెళ్ళనంది. ఆ రోజు దాని మీద నాకు కోపం వచ్చింది కూడా. అది వెళ్ళకపోవడమే కేసుని నిలబెట్టిందని తర్వాత తెలిసింది.

ఈ మధ్యలో ఒక ప్రైవేటు లాయరు దగ్గరికి వెళ్ళాం. పాతికవేలు అడ్వాన్సు తీసుకున్నారు. "ఏడాది విడిగా ఉండనివ్వండి, తర్వాత మ్యూచువల్, అంటే ఇద్దరి ఒప్పందంతో విడాకులు, వేద్దాం, టెన్షన్ పడకండి" అన్నారు. మాకూ అదే నయమనిపించింది. నెలకోసారి ఫోన్ చేస్తే "ఇంకా టైముంది" అనేవారు.

2024 మార్చిలో ఒక రోజు, రోజూ మా దగ్గర పప్పు, వేపుడు కట్టించుకెళ్ళే అమ్మాయి, కోర్టు దగ్గర టైపింగ్ చేస్తుంది, నా మొహం చూసి అడిగితే చెప్పేశాను. "ఆంటీ, లీగల్ ఎయిడ్‌కి వెళ్ళండి, ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేదు" అంది. నిజమే. 1987 నాటి చట్టం ప్రకారం ఆడవాళ్ళకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి, వికలాంగులకి ఎంత ఆదాయం ఉన్నా ఉచితంగా లాయర్ని ఇస్తారు. మిగతా మగవాళ్ళకి మామూలుగా ఆదాయ పరిమితి చూస్తారు.

మర్నాడు వెళ్ళాం. ముందు గదిలో రెండు గంటలు కూర్చోవాల్సి వచ్చింది. కుర్చీలు చాలక చాలామంది నిలబడ్డారు, అదొక ఇబ్బంది. అప్లికేషను ఒక పేజీయే. ఆధార్ జిరాక్స్, పెళ్ళి ఫొటో, మా కథ నాలుగు ముక్కలు. వారంలో ప్యానెల్ లాయర్ని, అంటే ఆ సంస్థ జాబితాలో ఉన్న లాయర్ని, కేటాయించారు. నలభై ఏళ్ళ లోపే ఉంటారు ఆవిడ. మేము మేడమ్ అనేవాళ్ళం.

మొదటి రోజు మేడమ్ అడిగిన ప్రశ్నలు రెండే. ఏ తారీఖున తెలిసింది? తెలిసిన తర్వాత ఇష్టపడి మళ్ళీ కాపురానికి వెళ్ళావా?

ఆ రెండు ప్రశ్నలు ఎందుకు అడిగారో ఆవిడే కాగితం మీద గీసి చూపించారు. 1955 హిందూ వివాహ చట్టంలో 12వ సెక్షన్ ఉంది. ఎదుటి మనిషికి సంబంధించిన ముఖ్యమైన విషయం దాచి, మోసంతో ఒప్పించి పెళ్ళి చేసుకుంటే ఆ పెళ్ళి రద్దు చేయమని అడగొచ్చు. ఈ 'ముఖ్యమైన విషయం' అన్న మాట 1976 సవరణలో చేరిందట. కానీ మోసం బయటపడ్డ రోజు నుంచి ఏడాది లోపల కేసు వేయాలి. తెలిసి కూడా ఇష్టపూర్వకంగా భార్యాభర్తల్లా ఉంటే ఇక ఆ దారి మూసుకుపోతుంది. ఆగస్టు దాటితే మాకు ఈ సెక్షన్ ఉండేది కాదు. పెద్దమనుషులు చెప్పినట్టు నెల రోజులు పంపించినా ప్రమాదమే. ప్రైవేటు లాయరు ఆగమన్న ఏడాది సరిగ్గా మా గడువు తినేసే ఏడాది. ఆ కుర్చీలో కూర్చున్నదాన్ని నాకు చెమటలు పట్టాయి. ఏడు నెలలు అయిపోయాయి, ఐదు నెలలు మిగిలాయి.

మేడమ్‌లో నాకు నచ్చింది, లేని ఆశ పెట్టకపోవడం. "జీతం ఎక్కువ చెప్పారు, ఆస్తి లేకుండానే ఉందన్నారు అంటే ప్రతి కోర్టూ ఒప్పుకోదమ్మా. ముందు పెళ్ళి దాచడం గట్టి పాయింటు, కానీ దాచారని మనమే నిరూపించాలి" అన్నారు. అతను ఆ పెళ్ళి తెగకుండానే మా అమ్మాయిని చేసుకుని ఉంటే సంగతే వేరు, అప్పుడు పెళ్ళి మొదటి నుంచీ చెల్లదు, క్రిమినల్ కేసు కూడా అవుతుందట. అతనికి విడాకులయ్యాయి కాబట్టి మా దారి 12వ సెక్షనే. పిల్లలున్నవాళ్ళు భయపడకూడదని కూడా చెప్పారు, ఇలా రద్దయిన పెళ్ళిలో పుట్టిన పిల్లలు చట్టం ముందు సక్రమ సంతానమే. మా వీధిలో ఒక క్రైస్తవ కుటుంబం అడిగితే వాళ్ళ కోసం కనుక్కున్నాను. వాళ్ళకి 1869 నాటి చట్టం వేరే ఉంది, 1954 స్పెషల్ మ్యారేజ్ యాక్టులో చేసుకున్నవాళ్ళకీ మోసం మీద రద్దు అడిగే వీలుంది.

ఏప్రిల్‌లో ఓ.పి., అంటే పెళ్ళి రద్దు చేయమని కోర్టుకి పిటిషను, వేశారు. భార్య వేసే కేసు కాబట్టి బెంగళూరు వెళ్ళక్కర్లేదు, తను ఉంటున్న ఊరి కోర్టులోనే వేయొచ్చు. కోర్టు ఫీజు, నోటీసుల ఖర్చు, టైపింగు, ఏదీ మా దగ్గర తీసుకోలేదు. ఆటో డబ్బులు, మా సొంత జిరాక్సులు తప్ప ఈ పదిహేడు నెలల్లో నేను ఖర్చు పెట్టింది లేదు. ఒకసారి పండక్కి మేడమ్‌కి సున్నుండలు పట్టుకెళ్తే ఒకటి తీసుకుని డబ్బా తిరిగి ఇచ్చేశారు.

ఆధారాలు ఎలా పోగు చేయించారో చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. ప్రొఫైల్ స్క్రీన్‌షాటు మా అబ్బాయి ఫోన్లో ఉంది. వాట్సాప్ మెసేజి ఉంది. ఫోన్లో ఉన్నవాటిని ప్రింటు తీసి ఇస్తే చాలదు, వాటితో పాటు చట్టం అడిగే సర్టిఫికెట్టు జత చేయాలట, అది మేడమ్ చూసుకున్నారు. పాత పాస్‌పోర్టు ఫొటో ఉంది. పాత విడాకుల కేసు రికార్డు తెప్పించమని కోర్టుకి అర్జీ పెట్టారు. ఇవన్నీ ఒక ఎత్తు, పెళ్ళి రిజిస్ట్రేషన్ కాగితం ఒక ఎత్తు. అందులో పెళ్ళినాటికి వరుడు అవివాహితుడా, భార్య పోయినవాడా, విడాకులు తీసుకున్నవాడా అని ఒక గడి ఉంటుంది. అతను తన చేత్తో అవివాహితుడు అని రాసి సంతకం పెట్టాడు. పెళ్ళి రోజు హడావుడిలో ఆ గడి మేమెవరం చూడలేదు. మేడమ్ మాత్రం ఆ కాగితం చూడగానే పెన్ను కింద పెట్టేసి "ఇది చాలు" అన్నారు.

ముందు కౌన్సెలింగ్‌కి పంపారు. కుటుంబ కేసుల్లో ముందు కలిపే ప్రయత్నం చేయాలని రూలు. మూడుసార్లు వెళ్ళాం. అక్కడ కలవలేదు గాని మేము పెట్టిన బంగారంలో పది కాసులు లిస్టు రాసుకుని తిరిగి తీసుకోగలిగాం. బీరువా, మంచం వదిలేశాం.

వాళ్ళ కౌంటర్‌లో, అంటే మా పిటిషనుకి ఇచ్చిన జవాబులో, ఏం రాశారంటే, మధ్యవర్తికి నోటిమాటగా చెప్పాం, వీళ్ళకి ముందే తెలుసు అని. నా సాక్ష్యం రోజు వాళ్ళ లాయరు నన్ను నలభై నిమిషాలు క్రాస్ చేశారు, అంటే ఎదురు ప్రశ్నలు వేశారు. విచారణ తలుపులు మూసి జరుపుతారు, బయటివాళ్ళు ఉండరు, అదొక్కటే నాకు ఊరట. "మీ అమ్మాయికి ఇరవై తొమ్మిదేళ్ళు వచ్చేశాయి, సంబంధాలు కుదరట్లేదు, తెలిసే ఇచ్చారు, అవునా?" అని వాళ్ళ లాయరు అడిగారు. ఒళ్ళు మండింది. కానీ మేడమ్ ముందే చెప్పి ఉంచారు, అడిగినదానికే జవాబు చెప్పండి, తెలియకపోతే తెలియదనండి, కోపం తెచ్చుకోవద్దని. "మాకు తెలిసుంటే ఆయన ఆ కాగితంలో పెళ్ళి కాలేదని ఎందుకు రాశారు బాబూ?" అన్నాను. జడ్జి గారు ఆ కాగితం అడిగి తీసుకుని కళ్ళజోడు సర్దుకుని చూశారు. తర్వాత వాళ్ళ లాయరు ఆ ప్రశ్న మళ్ళీ వేయలేదు. ఆ మధ్యవర్తిని వాళ్ళు సాక్ష్యానికి తీసుకురానే లేదు.

ఆ మొదటి అమ్మాయిని మేము ఎక్కడా లాగలేదు. లాగొద్దని మా అమ్మాయి ముందే మేడమ్‌తో చెప్పింది. కాగితాలు చాలినప్పుడు అవసరం లేదన్నారు ఆవిడ కూడా.

అర పాయింటు ఎందుకు తగ్గించానంటే, వాయిదాల విషయం. మేడమ్‌కి చాలా కేసులు ఉండటం వల్ల రెండుసార్లు వేరే కోర్టులో ఇరుక్కుపోయారు, మా కేసు వాయిదా పడింది. ఫోన్ సాయంత్రం ఆరు తర్వాతే ఎత్తేవారు. వాయిదా తేదీ మనమే గుర్తు పెట్టుకోవాలి, ఎవరూ ఫోన్ చేసి చెప్పరు. నేను షాపు గోడ మీది క్యాలెండరులో ఎర్ర పెన్నుతో రాసుకునేదాన్ని. అందరికీ మా మేడమ్ లాంటివాళ్ళే దొరుకుతారని చెప్పలేను, నచ్చకపోతే లాయర్ని మార్చమని సంస్థకే రాసిస్తే పరిశీలిస్తారు.

మ్యాట్రిమోనీకి మాత్రం ఒక్క స్టారు కూడా ఇవ్వలేను. కోర్టు కాపీ పంపించి ఆ 'వెరిఫైడ్' గుర్తుకి అర్థం ఏమిటో మీ పేజీలో రాయండి అని మెయిల్ పెట్టాం. ఇప్పటికి జవాబు లేదు.

వెళ్ళేవాళ్ళు పదిన్నరకల్లా వెళ్ళండి, పదకొండు దాటితే రద్దీ. శుభలేఖ, పెళ్ళి ఫొటోలు రెండు, ఆధార్, రిజిస్ట్రేషన్ కాగితం, ఫోన్లో ఉన్న మెసేజిలు ఒక్కటీ చెరపకుండా పట్టుకెళ్ళండి. నిజం ఏ తారీఖున తెలిసిందో ఇంట్లోనే ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళండి, అక్కడ కంగారులో తేదీలు కలిసిపోతాయి. వెళ్ళలేనివాళ్ళు 15100కి ఫోన్ చేయొచ్చు, దేశమంతా ఇదే నంబరు. పెద్దమనుషుల్ని కూర్చోబెట్టుకుంటే కూర్చోబెట్టుకోండి, కానీ ఆ ఆఫీసుకి వెళ్ళొచ్చిన తర్వాత.