పాత కారులో దూర ప్రయాణం: రిలే ఆపిన చోట్లన్నీ

ఈ ప్రయాణంలో చూసిన చోట్ల కంటే ఆగిన చోట్ల గురించే ఎక్కువ రాస్తున్నా, పాత పెట్రోల్ కారులో దూరం వెళ్లేవాళ్లకు పనికొచ్చేది అదే కాబట్టి.

రిలే అంటే పెట్రోల్ పంప్‌కి కరెంటు కలిపే చిన్న ఎలక్ట్రిక్ స్విచ్, మమ్మల్ని దారిలో ఆపింది అదే. ముందు జబ్బేమిటో చెప్పాలి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్. ఎండలో చాలాసేపు నడిపి, ఎక్కడైనా కాసేపు ఆపి మళ్లీ తాళం తిప్పితే మాత్రం సెల్ఫ్ బాగానే తిరుగుతుంది కానీ ఇంజిన్ అందుకోదు. అద్దాలు దించి అరగంట వదిలేస్తే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్ట్.

మొదట మొరాయించింది హైవే పక్కన పెద్ద పార్కింగ్‌లో. మరుగుదొడ్లు శుభ్రం, కూర్చోవడానికి నీడ కూడా ఉంది, మామూలుగా అయితే మంచి చోటే. కానీ లారీల హోరులో పంప్ శబ్దం వినపడదు, మనకు కావాల్సిందేమో ఆ శబ్దమే. ఇంజిన్‌లోకి పెట్రోల్‌ని పిచికారీ చేసే ఇంజెక్షన్ కార్లు చాలావాటిలో తాళం ఆన్‌కి తిప్పగానే పెట్రోల్ ట్యాంక్‌లోని పంప్ రెండు మూడు సెకన్లు సన్నగా గుయ్‌మని ఆగుతుంది. వెనక సీటు దగ్గర చెవి పెడితే తెలిసిపోతుంది. కాస్త ముందుకెళ్లాక కొండ మీది వ్యూ పాయింట్‌లో మళ్లీ ఆగినప్పుడు ఆ నిశ్శబ్దంలో విన్నాం, గుయ్ లేదు. ఆ లోయ అందంగానే ఉందట, ఇంట్లోవాళ్లు చెప్పారు, నేను బానెట్ కింద ఉన్నా.

టోయింగ్ వాళ్లు చెప్పిన టైముకే వచ్చారు, మర్యాదగా ఎక్కించారు, ఆ విషయంలో వంక పెట్టలేను. ఇలాంటి జబ్బుకు మాత్రం టోయింగ్ వల్ల ఉపయోగం తక్కువ, వర్క్‌షాప్ చేరేలోపు బండి చల్లారి స్టార్ట్ అయిపోతుంది. అక్కడ కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాలు చదివే స్కానర్ పెట్టి చూసి, కోడ్ (లోపం నంబరు) ఏమీ లేదు, పంప్ పోయుంటుంది, ట్యాంక్ దించి మార్చేద్దాం అన్నారు. పాత బండ్లలో పంప్ సర్క్యూట్ తెగినా కోడ్ పడకపోవడం మామూలే. పంప్ దగ్గరికి కరెంటు వస్తోందో లేదో కొలవకుండా పంప్ మార్చమంటే నాకు నచ్చలేదు, వద్దని వచ్చేశాం. ఏసీ వెయిటింగ్ హాలు మాత్రం బావుంది.

అసలు పని జరిగింది తర్వాతి ఊళ్లో, ఒక చిన్న ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర. ఆయన మొదటి మాటే "బండి ఇప్పుడు వేడిగా ఉందాండీ?" అని. లేదన్నాం, అయితే ఒక రౌండు తిప్పి తీసుకురమ్మన్నాడు. మొరాయించాక పంప్ కనెక్టర్ దగ్గర టెస్ట్ లాంప్ (కరెంటు ఉంటే వెలిగే చిన్న బల్బు) పెట్టి తాళం తిప్పించాడు, వెలగలేదు. ఫ్యూజ్ బావుంది. రిలేని ఆన్ చేసే కాయిల్ వైపు 85, 86 పిన్నులకు కరెంటూ ఎర్తూ రెండూ అందుతున్నాయి, 30కి బ్యాటరీ కరెంటు వస్తోంది, పంప్‌కి వెళ్లే 87 నుంచి మాత్రం ఏమీ బయటికి రావడం లేదు. రిలే పీకి సాకెట్‌లో 30నీ 87నీ ఫ్యూజ్ ఉన్న వైరుతో కలపగానే గుయ్‌మంది. పంప్ నిక్షేపం.

85, 86 దగ్గరే అందకపోయుంటే కథ వేరు, అప్పుడు క్రాంక్ సెన్సర్ వైపు చూడాలి, ఇంజిన్ తిరుగుతున్నట్టు సిగ్నల్ రాకపోతే ఈసీయూ (కారు కంప్యూటర్) చాలా బండ్లలో పంప్‌ని ఆపేస్తుంది. అలాగే వైరు కలిపిన పద్ధతి పరీక్షకు మాత్రమే, దాంతో బండి నడపకండి, ప్రమాదంలో ఇంజిన్ ఆగినా పంప్ ఆగదు.

రిలే మూత తీస్తే పిన్ను చుట్టూ సోల్డర్ అతుకులో వెంట్రుకంత పగులు. వేడికి విడిపోతోంది, చల్లారితే అతుక్కుంటోంది. 1980, 90ల నాటి హోండాల మెయిన్ రిలేకి ఈ జబ్బు బాగా పేరుమోసింది, వేరే కంపెనీల బండ్లలోనూ ఉంది. మళ్లీ సోల్డర్ చేసిచ్చి, కొత్తది కొనేదాకా ఇది సరిపోతుందన్నాడు. ఏసీ లేదు, కూర్చోవడానికి ఒక స్టూలు, అయినా ఈ ప్రయాణంలో పూర్తి మార్కులు ఆ షెడ్డుకే.

బసల విషయానికొస్తే, దారిలో మొదటి లాడ్జిలో గది పెద్దదే కానీ పార్కింగ్ పూర్తిగా ఎండలో, బయల్దేరాలంటే రోజూ టెన్షన్. షెడ్డు పక్క లాడ్జిలో గది ఇరుకు, నీళ్లు సన్నగా వస్తాయి, కానీ కారుకి కప్పున్న పార్కింగ్, పైగా కింద లైటు వేసి బానెట్ తెరుచుకున్నా ఎవరూ ఏమీ అనరు. పాత బండితో అయితే రెండోదే తీసుకోండి. టోయింగ్ నంబరు దగ్గర పెట్టుకోండి కానీ దానికంటే ముందు ఒక టెస్ట్ లాంపూ, పార్ట్ నంబర్ సరిచూసి కొన్న స్పేర్ రిలే ఒకటీ డాష్‌బోర్డులో పడేయండి. ట్యాంకు పావు కంటే కిందికి పోనివ్వకండి, చుట్టూ ఉన్న పెట్రోలే పంప్‌ని చల్లబరిచేది.